కేలెబ్ విలియమ్స్: పాత్రల్ని ఎలా చదవాలి

ఆంగ్ల రచయిత విలియం గాడ్విన్ 1794లో వెలువరించిన ఈ నవల మూడు సంపుటాలు. పేర్ల పట్టిక రాసుకున్నంత మాత్రాన పాత్రలు చేతికి చిక్కవు. ఒక్కో పాత్రకు నోట్‌బుక్కులో ఒక పేజీ వదిలి, మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు కథకుడు కేలెబ్ కళ్లారా చూసింది, కుడివైపు ఇతరుల నోట విన్నది.

ఫాక్‌లాండ్ పేజీలో మొదట కుడివైపే నిండుతుంది. కేలెబ్ అతని దగ్గర గుమాస్తాగా చేరినవాడు. దొర గతం చెప్పేది ఇంటి వ్యవహారాలు చూసే కాలిన్స్. కాలిన్స్‌కు దొర మీద అపారమైన గౌరవం, అది కూడా పక్కన రాసుకోండి. పొరుగు భూస్వామి టిరెల్ ఫాక్‌లాండ్‌ను నలుగురిలో కొడతాడు. ఆ రాత్రే టిరెల్ హత్య. ఆ నేరానికి ఉరికంబం ఎక్కింది టిరెల్ కౌలుదారుగా ఉండిన హాకిన్స్, అతని కొడుకు. ఇక్కడ తీర్పు రాయకండి, ప్రశ్నార్థకం చాలు. ఫాక్‌లాండ్ పేజీ పైన మాత్రం ‘పరువు’ అని పెద్దగా రాయండి. అతను చేసే ప్రతి పనీ దానికోసమే.

అసలు మలుపు ఫాక్‌లాండ్ ఎవరినీ తాకనివ్వని పెట్టె దగ్గర. ఇంట్లో నిప్పంటుకున్న హడావిడిలో కేలెబ్ దాని మూత పెకలిస్తాడు. ఎత్తబోతుండగా ఫాక్‌లాండ్ వస్తాడు, పిస్తోలు గురిపెడతాడు. లోపల ఏముందో కేలెబ్ చూడనే లేదు, కాబట్టి ఎడమవైపు ఖాళీగానే ఉంచండి. హత్య చేసింది తానేనని ఆ తర్వాత ఫాక్‌లాండే చెబుతాడు. అక్కడ అడ్డగీత కొట్టండి. అంతవరకూ వెంటపడ్డది కేలెబ్, ఆపైన తరుముడు పడేదీ అతనే. చాలామంది వేటను కేలెబ్ పారిపోయినప్పటి నుంచి లెక్కపెడతారు. అలా చదివితే చివర్లో అతని పశ్చాత్తాపం అతిగా తోస్తుంది.

పారిపోయిన కేలెబ్‌ను వెంటాడే గైన్స్‌ను ఫాక్‌లాండ్ చేతిలో పనిముట్టుగా మాత్రమే చూడొద్దు. కేలెబ్‌ను గాయపరిచినందుకు రేమండ్ నాయకుడిగా ఉన్న దొంగల ముఠా గైన్స్‌ను వెళ్లగొట్టింది. ఆ కక్ష అతని సొంతం. వేల్స్‌లో కేలెబ్ మాట వినకుండా దూరమైన లారాకు రెండు వాక్యాలు చాలు.

ముగింపు చదివేటప్పుడు ఇద్దరి పేజీలూ పక్కపక్కన పెట్టుకోండి. రాతప్రతిలో గాడ్విన్ మొదట రాసిన ముగింపులో కేలెబ్ నిర్బంధంలో మతి తప్పుతాడు. అచ్చయిన దానిలో ఫాక్‌లాండ్ మేజిస్ట్రేటు ఎదుట నేరం ఒప్పుకుని మూడు రోజులకే చనిపోతాడు. అప్పుడు కేలెబ్ తననే హంతకుడు అనుకుంటాడు. అది చూసిందీ కాదు, విన్నదీ కాదు. ఆ మాటను నిలువు గీతకు అడ్డంగా రాయండి.