గన్ దాకా పొడి గాలి రావాలంటే

కాకినాడలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో స్ప్రే గన్‌తో స్కూటర్లకు రంగు వేస్తాను. సముద్రం పక్కనే ఉన్నందున గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. రంగు మీద పొక్కులు లేస్తే చాలామంది థిన్నర్‌ను అనుమానిస్తారు. నేను ముందు గాలిని చూస్తాను.

కంప్రెసర్ నొక్కిన గాలి బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలో నీరు ఆవిరిగానే ఉంటుంది, చల్లబడ్డాకే చుక్కలవుతుంది. అందుకే నీటిని పట్టే ఫిల్టర్‌ను కంప్రెసర్ ట్యాంకు పక్కనే బిగించకండి. ఆవిరి దాన్ని దర్జాగా దాటిపోయి గన్ దగ్గర నీరవుతుంది. ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య కనీసం 25 అడుగుల రాగి పైపో జీఐ (జింకు పూత ఇనుప) పైపో ఉండాలి. చోటు లేకపోతే గోడ మీదే పైకీ కిందికీ తిప్పి, ప్రతి కింది మలుపులో డ్రెయిన్ వాల్వు పెట్టండి. గన్‌కు వెళ్లే పాయను అడ్డ పైపు పైభాగం నుంచే తీయాలి, అడుగున పారే నీరు అందులోకి రాదు. పీవీసీ ఎంత చవకైనా వద్దు: ఒత్తిడికి పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

ట్యాంకు నీరు రోజూ వదలండి.

ఫిల్టర్ తర్వాత తేమ పీల్చే సిలికా జెల్ గింజల డబ్బా పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తడి నిండినట్టే. సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మళ్లీ నీలమవుతాయి. ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషపదార్థం. వంటింటి ఓవెన్ జోలికి వెళ్లకండి.

రంగు పోసే ముందు శుభ్రమైన అద్దం మీదికి ఒక నిమిషం ఉత్త గాలి వదలండి. తడి మచ్చ కనిపిస్తే ఆ పూట పని ఆపేయండి.