గిట్ స్వయంబోధిని – 8వ పాఠం: పెద్ద యూ, చిన్న యూ

పోయిన పాఠంలో యుటిల్స్.జేఎస్ అనే ఫైలు పేరులోని పెద్ద యూని (ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాన్ని) చిన్న యూ చేయమంటే, చాలామంది విండోస్‌లో ఎఫ్2 నొక్కి మార్చేశారు. గిట్ స్టేటస్ (ఏం మారిందో చూపే ఆదేశం) కిక్కురుమనలేదు, గిట్‌లో పెద్ద యూ పేరే ఉండిపోయింది. లినక్స్ సర్వర్‌లో మాత్రం బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రాంగా కూర్చే పని) ఆగిపోయింది, ఫైలు దొరకలేదని. (మన లిపిలో ఈ గొడవ లేదు కాబట్టి పెద్ద, చిన్న అని విడమర్చి రాయక తప్పదు.)

ఫైళ్లను డిస్కులో దాచే పద్ధతులైన విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌లోని మామూలు ఏపీఎఫ్‌ఎస్ మీరు పెట్టిన పేరును అలాగే దాస్తాయి, వెతికేటప్పుడు మాత్రం పెద్ద, చిన్న తేడా చూడవు. లినక్స్ చూస్తుంది. మందు రెండడుగులు (ఎంవీ అంటే పేరు మార్చు అని):

గిట్ ఎంవీ పాతపేరు తాత్కాలికం
గిట్ ఎంవీ తాత్కాలికం కొత్తపేరు

కొత్త గిట్‌లో ఫైలుకు ఒక్క అడుగు చాలు. ఫోల్డర్‌కు చాలదు. అందుకే నేను ఎప్పుడూ రెండే వేస్తాను.

ఇక అసలు తలనొప్పి. కోర్.ఇగ్నోర్‌కేస్‌ను (పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోవద్దనే గిట్ సెట్టింగ్‌ను) ఫాల్స్ చేస్తే సరిపోతుందని ఎవరు చెప్పినా వినకండి. ఆ సెట్టింగ్ డిస్కు తీరును మార్చదు, డిస్కు ఎలాంటిదో గిట్‌కు చెబుతుందంతే. ఫాల్స్ అంటే అబద్ధం చెప్పినట్టు. అప్పుడు చిన్న యూ ఫైలు గిట్‌కు కొత్తదిగా కనిపిస్తుంది, యాడ్ చేస్తారు. పెద్ద యూ ఉందా అని అడిగితే డిస్కు ఉందనే అంటుంది, కాబట్టి పాతదీ పోదు. ఇండెక్స్‌లో (గిట్ దగ్గరుండే ఫైళ్ల జాబితాలో) రెండు పేర్లు, డిస్కు మీద ఒకటే ఫైలు. పుష్ చేశాక లినక్స్‌లో రెండు ఫైళ్లు దిగుతాయి. మీరు ఒక పేరునే యాడ్ చేస్తూ పోతే రెండోది పాత కోడ్‌తో అక్కడే పడి ఉంటుంది. ఇప్పటికే అలా చేసినవాళ్లు సెట్టింగ్‌ను ట్రూ చేసి, గిట్ ఆర్‌ఎం --క్యాష్డ్ తర్వాత పెద్ద యూ పేరు ఇచ్చి కమిట్ చేయండి. --క్యాష్డ్ మరిస్తే డిస్కు మీది ఫైలూ పోతుంది.

రెండు పేర్లూ కావలసిన చోట్లూ ఉన్నాయి. లినక్స్ కెర్నల్‌లో (లినక్స్‌కు గుండెకాయ లాంటి కోడ్‌లో) నెట్/నెట్‌ఫిల్టర్ కింద ఎక్స్‌టీ_టీసీపీఎంఎస్‌ఎస్.సీ అని, టీసీపీఎంఎస్‌ఎస్ పెద్దక్షరాలతో ఒకటి, చిన్నక్షరాలతో ఒకటి: పెద్దది ప్యాకెట్‌ను మార్చే టార్గెట్, చిన్నది పోల్చి చూసే మ్యాచ్. అక్కడ పేరు మార్చడం కుదరదు, డిస్కునే మార్చాలి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీతో కేస్-సెన్సిటివ్ (పెద్ద, చిన్న తేడా చూసే) ఏపీఎఫ్‌ఎస్ ఇమేజ్ చేసుకోండి. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఖాళీ ఫోల్డర్‌కు అడ్మిన్‌గా:

ఎఫ్‌ఎస్‌యుటిల్ ఫైల్ సెట్‌కేస్‌సెన్సిటివ్‌ఇన్‌ఫో ఫోల్డర్ ఎనేబుల్

ముందు ఇది, తర్వాత క్లోన్ (ప్రాజెక్టు నకలు దించుకోవడం). ఇగ్నోర్‌కేస్ విలువను గిట్ క్లోన్ సమయంలోనే డిస్కును పరీక్షించి రాసుకుంటుంది.

అభ్యాసం: మ్యాక్‌లో మామూలు డిస్కు మీద కెర్నల్‌ను --డెప్త్ 1తో (చివరి కమిట్ ఒక్కటే) క్లోన్ చేయండి. ఏమీ ముట్టకుండానే మార్పులు చూపిస్తుంది. జంటల జాబితా తీయండి:

గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ | సార్ట్ -ఎఫ్ | యూనిక్ -ఐ -డీ

చివరి డీ చిన్నది. ఫోల్డర్ పేర్లు మాత్రమే ఢీకొని, లోపలి ఫైళ్లు వేరైతే ఈ లైను పట్టుకోదు. అవీ పట్టే లైను మీరే రాయండి.