ఆంగ్ల స్వయంబోధిని – 4వ పాఠం: విడదీయరాని జంటలు

గత పాఠంలో ఒంటరి మాటను నిఘంటువులో వెతికాం. ఈసారి రెండు మాటలు కలిసి ఒకే మాటగా నడిచే పలుకుబళ్ల సంగతి చూద్దాం.

గోదావరికి వరద వస్తే లంకలవాళ్లు గొడ్డూ గోదాతో, తట్టా బుట్టా సర్దుకుని ఏటిగట్టు ఎక్కుతారు. ఎవరైనా ‘గోదా గొడ్డూ’ అంటే కోనసీమలో చిన్నపిల్లలైనా నవ్వుతారు. ‘గోద’ను విడిగా వాడేవారూ నేడు అరుదే. ఆంగ్లంలో ‘కిత్ అండ్ కిన్’ సరిగ్గా ఇలాంటిది. ‘కిన్’ అంటే రక్తసంబంధీకులు. ‘కిత్’ పాత ఆంగ్లంలో పరిచయాన్ని, సొంత ప్రాంతాన్ని తెలిపిన మాట. ఆ అర్థాలు మరుగునపడి, ఇప్పుడది ఈ జంటను పట్టుకునే బతుకుతోంది. మన ‘బంధుమిత్రులు’లో బంధువులు ముందుంటే, అక్కడ పరిచితులు ముందున్నారు. ఇలాంటి క్రమం తప్పని జంటలకు భాషాశాస్త్రవేత్త యాకోవ్ మాల్కీల్ 1959లో ‘ఇర్రివర్సిబుల్ బైనామియల్స్’ (తిరగవేయరాని జంటలు) అని పేరుపెట్టాడు.

నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) రాకపోకలను ఆంగ్లంలో చెప్పాలంటే ‘టు అండ్ ఫ్రో’ అనాలి. మన మాటలో ‘రాక’ ముందుంటే, వారి మాటలో ‘పోక’ ముందుంది.

ఇక వెతకడం. విద్యార్థుల కోసం తయారైన నిఘంటువుల్లో ఇలాంటి పలుకుబడి సాధారణంగా మొదటి ముఖ్యపదం కింద, అర్థాలన్నీ అయ్యాక చివర ఉంటుంది. కాబట్టి జీవనాధారమనే అర్థంలో వచ్చే ‘బ్రెడ్ అండ్ బటర్’ కోసం ‘బ్రెడ్’ దగ్గర ఆరోపం (నిఘంటువులో ఒక మాటకు ఇచ్చే పద్దు) మొదటి అర్థంతోనే తృప్తిపడక చివరిదాకా చదవాలి. అదే జంట నామవాచకానికి ముందు విశేషణంగా నిలిస్తే మధ్యలో హైఫన్లు చేరతాయి. అప్పుడు దాన్ని విడి ఆరోపంగా ఇచ్చే నిఘంటువులూ ఉన్నాయి. నా ఫిర్యాదు ఒక్కటే: చాలా నిఘంటువులు సరైన క్రమాన్ని అచ్చువేసి ఊరుకుంటాయి గాని, తిరగవేయకూడదని హెచ్చరించవు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది ‘హ్యూ అండ్ క్రై’ (గగ్గోలు). నిఘంటువు తెరవగానే ‘హ్యూ’కు ‘రంగు’ అనే అర్థం కనిపిస్తుంది. అక్కడే ఆగితే జంట మొత్తం అయోమయమవుతుంది. ఈ ‘హ్యూ’ వేరు. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన కేక అది. వర్ణక్రమం ఒకటే అయినా పుట్టుక వేరైన మాటలను పెద్ద నిఘంటువులు 1, 2 అంకెలతో విడదీస్తాయి కనుక, రెండో అంకె దాకా వెళ్లండి.

అభ్యాసం: ‘పార్ట్ అండ్ పార్సెల్’, ‘ఆడ్స్ అండ్ ఎండ్స్’, ‘స్పిక్ అండ్ స్పాన్’ మీ నిఘంటువులో ఏ మాట కింద ఉన్నాయో రాసుకోండి. వీటిలో ఒకదాని మొదటి మాటకు విడిగా వాడుక దాదాపు లేదు. అదేదో పట్టుకుంటే చాలు, వచ్చే పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.