గాలిమర ఇచ్చే రియాక్టివ్ పవర్‌కు ఎన్ని యూనిట్లు పోతున్నాయో లెక్కగట్టే విధానం

రియాక్టివ్ పవర్‌కు (పని చేయకుండా గ్రిడ్‌కూ మరకూ మధ్య అటూ ఇటూ ఊగుతూ వోల్టేజీని నిలబెట్టే పవర్‌కు) గాలి ఖర్చు కాదు కాబట్టి అది ఉచితమనే భావన పవన విద్యుత్ కేంద్రాల్లో పనిచేసేవారిలోనూ కనిపిస్తుంది. అయితే ఆ కరెంటు వైండింగుల్లో, కేబుళ్లలో, కన్వర్టర్‌లో (కరెంటు రూపాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరంలో) ప్రవహించినంతసేపూ పుట్టే వేడి మనం అమ్ముకోవలసిన యూనిట్లలోంచే పోతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చేసిన సవరణ ప్రకారం కొత్త పవన కేంద్రాలు పవర్ ఫ్యాక్టర్‌ను (మొత్తం పవర్‌లో నిజంగా పనిచేసే యాక్టివ్ పవర్ వాటాను) 0.95 లాగింగ్ నుంచి 0.95 లీడింగ్ వరకు, అంటే రియాక్టివ్ పవర్ ఇచ్చే, తీసుకునే రెండు దిశల్లోనూ నిలపగలగాలి గనుక ఈ బాధ్యత తప్పదు, దాని ఖరీదు మాత్రం ముందే తెలుసుకోవచ్చు.

మొదట 690 వోల్టుల నుంచి 33 కేవీకి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ టెస్ట్ సర్టిఫికెట్ తీసి, ఫుల్‌లోడ్ వద్ద రాగి నష్టం (వైండింగుల్లో వేడిగా పోయేది) ఎంతో చూడండి. ఉదాహరణకు ట్రాన్స్‌ఫార్మర్ 2,500 కేవీఏ (అది మోయగల మొత్తం పవర్), నష్టం 20 కిలోవాట్లు అనుకుందాం. 2,000 కిలోవాట్ల మర 0.95 పవర్ ఫ్యాక్టర్ వద్ద 657 కిలోవార్లు (రియాక్టివ్ పవర్ కొలమానం) ఇస్తుంది. 657ను 2,500తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 20తో హెచ్చవేస్తే 1.38 కిలోవాట్లు, అంటే రోజంతా ఇస్తే 33 యూనిట్లు. యాక్టివ్, రియాక్టివ్ కరెంట్ల వర్గాలు విడివిడిగా కూడుతాయి కాబట్టి, 657 కిలోవార్లు అలాగే ఇస్తూ వోల్టేజీ స్థిరంగా ఉంటే గాలి తగ్గినా ఈ 1.38 తగ్గదు. మర 400 కిలోవాట్లే ఇస్తున్న వేళ 0.51 కిలోవాట్లు ఉండవలసిన రాగి నష్టం 1.89కి చేరుతుంది.

అందుకే కంట్రోలర్ ఏ పద్ధతిలో ఉందో తప్పక చూడాలి. స్థిర పవర్ ఫ్యాక్టర్ పద్ధతిలో 400 కిలోవాట్ల వద్ద 131 కిలోవార్లే వస్తాయి గనుక నష్టం ఇరవై అయిదో వంతుకు పడిపోతుంది. స్థిర కిలోవార్ పద్ధతిలో అలా పడిపోదు. నా అనుభవంలో చాలామంది చూడకుండా వదిలేసేది ఈ ఒక్క సెట్టింగునే.

జనరేటర్ విషయంలో పై సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడకూడదు. డబుల్లీ ఫెడ్ యంత్రంలో (కదలని వైండింగైన స్టేటర్ నేరుగా, తిరిగే వైండింగైన రోటర్ కన్వర్టర్ ద్వారా గ్రిడ్‌కు కలిసే రకంలో) అయస్కాంతీకరణ కరెంటును సాధారణంగా రోటరే మోస్తుంది. స్టేటర్ నుంచి రియాక్టివ్ పవర్ పంపితే రోటర్ కరెంటు ఇంకా పెరుగుతుంది, గ్రిడ్ నుంచి తీసుకుంటే కొంతమేరకు తగ్గుతుంది. కాబట్టి అదే 657 కిలోవార్లకు ఇచ్చే దిశలో నష్టం ఎక్కువ, తీసుకునే దిశలో తక్కువ. ఉత్పత్తి అంతా కన్వర్టర్ గుండానే వెళ్లే ఫుల్ కన్వర్టర్ మరల్లోనైతే జనరేటర్ వైండింగుకు ఈ బెడద లేదు. భారమంతా గ్రిడ్ వైపు కన్వర్టర్, ఫిల్టర్, ట్రాన్స్‌ఫార్మర్, కేబుళ్ల మీద పడుతుంది.

కేంద్రం మొత్తానికి 1,000 కిలోవార్లు కావాలంటే ఒక్క మరతో ఇప్పించకుండా ఒకేరకం మరలు పదింటికి పంచండి, రాగి నష్టం పదోవంతు అవుతుంది. అయితే కన్వర్టర్ స్విచ్చింగ్ నష్టంలో లోడుతో నిమిత్తం లేని భాగం ఉంటుంది కాబట్టి, ఆగి ఉన్న మరలను ఇందుకోసమే మేల్కొలపడం లాభం కాకపోవచ్చు. స్థిరంగా కావలసిన భాగానికి సబ్‌స్టేషన్‌లోని కెపాసిటర్ బ్యాంకు (రియాక్టివ్ పవర్ ఇచ్చే కెపాసిటర్ల సముదాయం) చవక, వెంటవెంటనే మారే భాగాన్నే మరలకు వదలాలి.

లెక్కను మీటరుతో సరిచూడబోతే, పూర్తి ఉత్పత్తి వేళ 2,000 కిలోవాట్లలో 1.38 అన్నది మీటరు తప్పుల్లోనే కలిసిపోతుంది. గాలి లేని రాత్రి కన్వర్టర్లను ఆన్‌లోనే ఉంచి, రియాక్టివ్ సెట్‌పాయింట్‌ను ఒక గంట సున్నాకు, ఒక గంట కావలసిన స్థాయికి పెట్టి, 33 కేవీ మీటరులో దిగుమతి యూనిట్ల తేడాను రాసుకోండి. డబుల్లీ ఫెడ్ మర ఆగినప్పుడు స్టేటర్ విడిపోయి ఉంటుంది గనుక, అక్కడ తేలేది స్టేటర్, రోటర్ నష్టాలు కలవని అంకె.