తాయ్ చీ నేర్చుకుందాం - 3: నిండు కాలు, ఖాళీ కాలు

తాయ్ చీ అంటే నిదానంగా కదులుతూ చేసే చైనా యుద్ధవిద్య. పోయిన పాఠంలో నిలబడటం నేర్చుకున్నాం. ఈసారి ఒకే ఒక్క అడుగు.

ఈ అడుగు మనదాకా రావడానికి ముఖ్య కారణం చైనా తాయ్ చీ గురువు యాంగ్ చెంగ్‌ఫు (1883-1936). ఆయన తాత యాంగ్ లూచాన్ చెన్ వంశం వాళ్ల ఊళ్లో ఈ విద్య నేర్చుకుని, బీజింగ్‌లో, అప్పట్లో చైనాను ఏలుతున్న మంచూ ప్రభువులకు నేర్పారు. మనవడి కాలానికి రాచరికమే పోయింది. చెంగ్‌ఫు బీజింగ్‌లో మామూలు జనానికి నేర్పారు, 1928లో షాంఘై వెళ్లారు. గెంతులు, కాలితో నేలను బాదడాలు తీసేసి, మొదటి నుంచి చివరిదాకా ఒకే నిదానంతో సాగేలా చేశారు. అందుకే ముసలివాళ్లూ, ఒంట్లో బాగోలేనివాళ్లూ చేయగలిగారు. నాకు ఆయన మీద గౌరవం ముఖ్యంగా ఇందుకే.

ఆయన చెప్పిన పది సూత్రాలను శిష్యుడు చెన్ వైమింగ్ రాసిపెట్టారు. అందులో నాలుగోది శ్యూ, షి. అంటే ఖాళీ, నిండు. వరసలో నాలుగోదే అయినా, ఈ విద్యలో మొదటి విషయం ఇదేనన్నారు. ఒంటి బరువంతా కుడికాలి మీద ఉంటే కుడిది నిండు, ఎడమది ఖాళీ. ఈ తేడా తెలియకపోతే అడుగు బరువెక్కుతుంది, ఎవరైనా కాస్త లాగితే తూలిపోతాం.

ఇక చేద్దాం. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచండి. బరువంతా మెల్లగా కుడికాలి మీదకు తీసుకోండి. ఒళ్లు పక్కకు ఒరగకుండా ఎడమ పాదం లేస్తే అది ఖాళీ అయినట్టే. దాన్ని ముందుకు చాపి మడమ మాత్రం ఆనించండి. రెండు పాదాలూ ఒకే గీత మీదకు రాకూడదు, బ్యాలెన్స్ పోతుంది.

ఇక్కడ ఆగండి. ఆనించిన మడమను మళ్లీ వెనక్కి తీసుకోగలరా? తీసుకోగలిగితే అడుగు సరైనదే. లేకపోతే కాలు మోపలేదు, దాని మీద పడ్డారన్నమాట. అడుగు చిన్నది చేయండి. చాలాకాలం నేను చేసిన తప్పు ఇదే, పొడవైన అడుగే మంచిదనుకునేవాణ్ణి.

ఇప్పుడు అరికాలు, తర్వాత వేళ్లు ఆనించి, బరువును ముందుకు పంపండి. ఎడమ మోకాలు వేళ్ల కొసలు దాటకూడదు, లోపలికి వాలకూడదు. నొప్పి వస్తే ఆపేసి, ఈసారి తక్కువ వంచండి. తర్వాత రెండో కాలితో కూడా ఇలాగే.

రోజూ పది నిమిషాలు చాలు. ఈ వారం చేతులు నడుము మీదే ఉండనివ్వండి, వాటి పని వచ్చే పాఠంలో.