మోసుకెళ్లే పని లేకుండా: ఆరుబయట పాటల పండుగకు వికలాంగులు వచ్చేలా ఏర్పాట్లు ఎలా చేయాలి?

హనుమకొండలో జరిగిన ఒక పాటల రాత్రికి ఏర్పాట్లు చూసినవారిలో నేనూ ఉన్నాను. ఆ రోజు పాడవలసిన ఒకాయన చక్రాల కుర్చీలో వచ్చారు. స్టేజీ నాలుగడుగుల ఎత్తు, ఎక్కడానికి ఇనుప మెట్లు. మాకు క్షణంలో ఉపాయం తట్టింది. నలుగురు కుర్రాళ్లు ఆయనను కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం కుర్చీ చేతులను బిగించి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు. పాట అయ్యాక చూస్తే ఆ నలుగురిలో ఇద్దరు భోజనాలకు వెళ్లిపోయారు. వాళ్లను వెతికి తెచ్చేదాకా, కాచిన డప్పులతో తర్వాతి బృందం పైకి వచ్చేస్తుంటే, ఆయన స్టేజీ మూలన అలాగే కూర్చున్నారు.

ఓరుగల్లులో సాయానికి కొరత లేదు. ఎవరైనా తూలితే పదిమంది పరుగెత్తుకొస్తారు. కొరతంతా ఏర్పాటుకే. వచ్చినవాళ్లు తమంతట తాము రావాలి, చూడాలి, అవసరం పడితే పక్కకు వెళ్లాలి, విసుగు పుడితే ఇంటికి పోవాలి. కింద రాసిందంతా ఆ లెక్క మీదే. అన్నట్టు, వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా అన్న చర్చ వేదికల మీద గంటలకొద్దీ సాగుతుంది. ఆ వేదిక ఎక్కడానికి మాత్రం వాలుదారి ఉండదు. నేను నోటికి అలవాటైన మాటే వాడుతున్నాను.

1. మైదానం ఖాయం చేయకముందే పిలవండి

పనంతా అయ్యాక చూపించి మెప్పు పొందడానికి కాదు, తప్పులు పట్టించుకోవడానికి పిలవాలి. చక్రాల మీద తిరిగేవారు ఒకరు, చూపు లేనివారు ఒకరు, వినికిడి లేనివారు ఒకరు మీతో పాటు మైదానం తిరిగితే సగం పని తేలిపోతుంది. వాళ్ల ఆటో ఖర్చు, వాళ్ల సమయానికి కొంత పైకం బడ్జెట్‌లో రాసుకోండి. సౌండ్ వాళ్లకు ఇచ్చినట్టే వీళ్లకూ ఇవ్వాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, ఆటిజం, సికిల్ సెల్ వ్యాధి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే మనిషిని చూసి ‘ఈయనకేమైంది, బాగానే ఉన్నాడుగా’ అనడానికి వీల్లేదు. అందరితో సమానంగా సాంస్కృతిక జీవితంలో పాల్గొనడం కూడా ఆ చట్టం చెప్పిన హక్కే. అనుమతుల కోసం పోలీసు స్టేషన్, నగరపాలక సంస్థ చుట్టూ తిరిగేటప్పుడు ఈ మాట అక్కరకొస్తుంది.

2. నేలను చక్రంతో పరీక్షించండి

ఒక చక్రాల కుర్చీ అద్దెకు తెచ్చుకోండి. మీరే కూర్చుని, ఎవరూ నెట్టకుండా, గేటు నుంచి స్టేజీ దాకా వెళ్లండి. మన దగ్గర ఒక మైదానం చల్క (ఎర్రటి ఇసుక) నేల అయితే, రెండు కిలోమీటర్ల అవతలిది నల్లరేగడి. ఎండాకాలం రెండూ గట్టిగానే ఉంటాయి. ఒక్క వాన పడిందా, రేగడిలో చిన్న ముందు చక్రాలు అంగుళం లోతు దిగి అక్కడే ఆగిపోతాయి. చల్కలో కంకర రాళ్లు తగిలి కుర్చీ పక్కకు తిరిగిపోతుంది.

దీనికి మందు ప్లైవుడ్. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మందపాటి షీట్లను అంచుకు అంచు తాకేలా పరుచుకుంటూ పోవాలి. నాలుగడుగులంటే దాదాపు 1200 మిల్లీమీటర్లు. ఒక కుర్చీ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. ఎదురెదురుగా వచ్చే రెండు కుర్చీలు తప్పుకోవడానికి అక్కడక్కడ షీట్లు జోడుగా వేయండి. అతుకుల దగ్గర అంచు పైకి లేవకుండా బిగించండి.

టెంట్ హౌస్ వాళ్లు ‘కార్పెట్ వేస్తాం సార్, అందంగా ఉంటుంది’ అంటారు. ఒప్పుకోకండి. మట్టి మీద వదులుగా పరిచిన కార్పెట్ చక్రం ముందు మడతలు పడి గడ్డలా లేస్తుంది. చేతికర్ర పట్టుకుని నడిచేవారికి అది ఇంకా ప్రమాదం. జనరేటర్ నుంచి స్టేజీకి పోయే కేబుళ్లు దారికి అడ్డంగా ఉంటే పైనుంచి తీయండి. కుదరకపోతే రెండు పక్కలా ఏటవాలుగా ఉండే రబ్బరు మూతలు వేయండి.

వరంగల్ కోటలోనో, ఇంకో రక్షిత కట్టడం దగ్గరో పెట్టుకుంటే లెక్క మారుతుంది. పురావస్తు శాఖ అనుమతి లేకుండా అక్కడ గుంతలు తవ్వడం, మేకులు దించడం కుదరదు. నేల మీద ఊరికే ఆనించి, తర్వాత ఎత్తేసే ఏర్పాట్లే చేసుకోవాలి. కీర్తి తోరణాల నడుమ పాట వినడం గొప్ప అనుభవమే, కానీ అక్కడి రాళ్లు, గడపలు, మెట్లు చూశాక నేనైతే పెద్ద చదును మైదానానికే ఓటు వేస్తాను.

3. వాలుదారి లెక్క

సూత్రం ఒక్కటే: ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. స్టేజీ నాలుగడుగులైతే 48 అడుగుల వాలుదారి కావాలి. ఈ మాట చెబితే టెంట్ హౌస్ యజమాని మీ ముఖం వంక చూసి నవ్వుతాడు. నవ్వనివ్వండి. స్టేజీని రెండడుగులకు దించండి, 24 అడుగులు సరిపోతుంది. నేరుగా అంత చోటు లేకపోతే మధ్యలో ఐదడుగుల చదరపు చదును వదిలి అక్కడ మలుపు తిప్పండి. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు, చక్రం జారిపోకుండా అంచుల వెంట చిన్న కట్ట ఉండాలి. అది ఎక్కేది ప్రేక్షకులు కాదు, కళాకారులు. గ్రీన్‌రూమ్ నుంచి మైకు దాకా ఒక్క మెట్టు కూడా లేకుండా చూడండి.

ఒక సంగతి గమనించారా? డీసీఎం వ్యానులోంచి స్పీకర్ పెట్టెలు దించడానికి సౌండ్ వాళ్లు తమ పలక తామే తెచ్చుకుంటారు. పెట్టెకు పలక ఉంది, పాటగాడికి లేదు. అలాగని ఆ పలకనే మనిషికి వాడబోకండి, అది నిలువుగా ఉంటుంది.

4. కనిపించే చోటు

ముందు వరుసలో చోటు ఇచ్చేశాం కదా అనుకుంటారు. మంచి పాట మొదలవగానే అందరూ లేచి నిలబడతారు. అప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నవారికి కనిపించేది వీపులే. లెక్క వేయండి: కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. ముందు నిలబడ్డవాడి తల ఐదున్నర అడుగుల పైమాటే. అంటే కనీసం రెండడుగుల వేదిక కావాలి, దానికి మళ్లీ 24 అడుగుల వాలుదారి. ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ పాటల ఉత్సవం జరిగినప్పుడల్లా ఇలాంటి వేదికలు కడతారు.

ఒక్కో కుర్చీకి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. వెనక తిరగడానికి ఐదడుగులు. పక్కనే తోడు వచ్చినవారికి మామూలు కుర్చీ. అందరినీ ఒక మూలకు నెట్టి చుట్టూ తాడు కట్టకండి. కుటుంబంతో వచ్చినవాళ్లు కుటుంబంతోనే కూర్చోవాలనుకుంటారు. టికెట్ పెడితే, తోడు లేకుండా రాలేనివారి వెంట వచ్చే మనిషికి ఉచితంగా ఇవ్వండి.

5. గేటు, బండి, ఇంటి దారి

మన దగ్గర చక్రాల కుర్చీల కన్నా చేత్తో తిప్పే మూడు చక్రాల బండ్లు, వెనక అదనపు చక్రాలు బిగించిన స్కూటీలు ఎక్కువ కనిపిస్తాయి. విదేశీ కొలతలు చూసి గేటు కట్టేవాళ్లు మరిచేది ఇదే. ఆ బండి పొడవు ఎక్కువ, పాము మెలికల్లా పెట్టిన బారికేడ్లలో తిరగదు. ఒక గేటును తిన్నగా, వెడల్పుగా ఉంచండి. బండిని లోపలిదాకా రానివ్వండి, లేదా గేటు దగ్గరే నీడలో నిలిపి, అక్కడి నుంచి వాడుకోవడానికి నాలుగైదు చక్రాల కుర్చీలు సిద్ధంగా పెట్టండి. ట్రాఫిక్‌ను దూరంగా ఆపే చోట ఆటోలను ఆపేస్తే కాజీపేటలో రైలు దిగి వచ్చినవారు మిగతా దూరం ఎలా రావాలి? వికలాంగులున్న ఆటోలను గేటు దాకా వదలాలని బందోబస్తు అధికారితో ముందే మాట్లాడుకోండి. మాట్లాడింది కాగితం మీద పెట్టించుకోండి. డ్యూటీలు మారితే నోటి మాట నిలవదు.

6. మరుగుదొడ్డి

ఎవరూ అడగరు, అందుకే ముందే చెప్పాలి. కచేరీ ఉందంటే పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసి వచ్చేవాళ్లు ఉన్నారు. వరుసగా నిలబెట్టే మొబైల్ టాయిలెట్లకు రెండు మెట్లుంటాయి, లోపల మనిషి తిరగడానికే చోటుండదు. లోపల సుమారు ఏడడుగులకు ఆరున్నర అడుగులు, బయటికి తెరుచుకునే మూడడుగుల తలుపు, వెస్ట్రన్ సీటు, పక్కన గోడకు గట్టి కమ్మీ, నేల మట్టానికే గడప. దొరకకపోతే రేకులతో కట్టించండి. దాన్ని గోదాములా మార్చి నీళ్ల డబ్బాలు పేర్చకుండా ఒక మనిషిని కాపలా పెట్టండి. నాకు తెలిసి అసలు గండం అదే.

7. వినని వారికి పాట, చూడని వారికి వేదిక

వినికిడి లేనివారికి కచేరీ ఎందుకు అనే ప్రశ్న ఎవరో ఒకరు వేస్తారు. స్కాట్లాండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెన్నీ దాదాపు వినికిడి లేకుండానే ప్రపంచ ప్రఖ్యాత వాద్యకారిణి అయ్యారు. నేల ద్వారా వచ్చే కంపనం తెలియాలని చెప్పులు తీసి వాయిస్తారు. ఒగ్గు డోలు పక్కన నిలబడ్డవారికి ఆ కంపనం గురించి వేరే చెప్పనక్కరలేదు, పక్కటెముకలకే తెలుస్తుంది. కాబట్టి స్టేజీకి దగ్గరగా, చెక్క పలకల మీద కొంత చోటు వాళ్లకు ఉంచండి. గాలి నింపిన బుడగను రెండు అరచేతుల మధ్య పట్టుకుంటే మోత ఇంకా బాగా అందుతుంది.

పాటల సాహిత్యం కళాకారుల దగ్గర వారం ముందే తీసుకుని టైపు చేయించి ఎల్‌ఈడీ తెర మీద వేయండి. ఇది అందరికీ ఉపయోగమే. కోరస్‌లో ఏమంటున్నారో మనకూ సగం అర్థం కాదు కదా. సంజ్ఞా భాష అనువాదకులను పెడితే ఇద్దరిని పెట్టండి, ఒక్కరి చేతులు రాత్రంతా ఆడవు. వాళ్ల ముఖం మీద, చేతుల మీద స్థిరమైన వెలుగు ఉండాలి, వెనక ముదురు రంగు తెర ఉండాలి.

చూపు లేనివారి పని పోస్టరుతో మొదలవుతుంది. బొమ్మగా వాట్సాప్‌లో పంపిన పోస్టరును ఫోను చాలాసార్లు సరిగా చదివి వినిపించలేదు. అదే సమాచారాన్ని కింద అక్షరాల్లో టైపు చేయండి, లేదా ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి. వేదిక మీద వ్యాఖ్యాతకు చెప్పండి: ‘వీళ్లను చూడండి’ అని వదిలేయకుండా, ‘పన్నెండు మంది, కాళ్లకు గజ్జెలు, ఎడమ నుంచి వస్తున్నారు’ అనాలి.

8. మోత, వెలుగు, నిశ్శబ్దం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకు పదిహేను నిమిషాల సగటు మీద మోతకు 100 డెసిబెల్స్ గరిష్ఠ పరిమితి చెప్పింది. టక టక వెలిగి ఆరే లైట్లు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదం. సెకనుకు మూడుసార్లకు మించకూడదు. వాడితే గేటు దగ్గరే బోర్డు పెట్టండి. జనరేటర్‌కు, స్పీకర్లకు దూరంగా ఒక చిన్న టెంటు వేసి, మసక దీపం, చాప, మంచినీళ్లు పెట్టండి. ఆటిజం ఉన్న పిల్లలకు హోరు భరించలేనప్పుడు అది ఊపిరి పీల్చుకునే చోటు.

9. వాలంటీర్లకు ఒక సాయంత్రం

కాలేజీ పిల్లలు ఉత్సాహవంతులు, అదే వాళ్లతో ఇబ్బంది. అడగకుండా కుర్చీ నెట్టకూడదు. చూపు లేనివారి చేయి పట్టి లాగకూడదు. మీ మోచేతిని వాళ్లకు అందిస్తే వాళ్లే పట్టుకుని అర అడుగు వెనక నడుస్తారు. మాట్లాడాల్సింది వికలాంగులతోనే, పక్కన ఉన్నవారితో ‘ఈయనకు నీళ్లు కావాలా?’ అని కాదు. వాన వస్తే, కరెంటు పోతే ఎవరు ఏ వైపు నుంచి బయటికి వెళ్లాలో ఒకసారి నడిచి చూపించండి.

10. చివరి పాట తర్వాత

రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపాలన్నది నియమం. పదీ ఐదుకల్లా టెంట్ హౌస్ వాళ్లు సామాను విప్పడం మొదలుపెడతారు. మొదట చేతికి అందేవి నేల మీది ప్లైవుడ్ షీట్లే. ఆఖరి మూడు చక్రాల బండి గేటు దాటేదాకా ఒక్క షీటు కూడా లేపకూడదని, దారి లైట్లు ఆర్పకూడదని అడ్వాన్సు ఇచ్చే రోజే రసీదు వెనక రాయించుకోండి.