జైలుకెళ్లొచ్చినవాళ్లు ఓటు నమోదు చేసుకోవడం ఎలా?

“కేసులో శిక్ష పడింది, నీకింక ఓటెక్కడిది?” అని ఎవరైనా అంటే నమ్మేయకండి. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడిన నాయకులు విడుదలయ్యాక కూడా ఆరేళ్లు పోటీ చేయకూడదన్న వార్తలు చదివి, ఓటూ అంతే అనుకుంటారు. పోటీ వేరు, ఓటు వేరు.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 62(5) సెక్షన్ ఓటును ఆపేది జైల్లో గానీ పోలీసు కస్టడీలో గానీ ఉన్నన్నాళ్లే. దీంతో ఒక వింత జరుగుతుంది. శిక్ష పడి, అప్పీలు వేసుకుని బెయిల్ మీద ఇంటికొచ్చినాయన ఓటేయొచ్చు. నేరం రుజువే కాని రిమాండ్ ఖైదీ మాత్రం వేయలేడు. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ 1997లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని చెప్పేసింది.

ముందుగా మీ కేసు ఏమిటో చూసుకోండి. ఓటుకు డబ్బులు పంచడం, దొంగ ఓటు వేయడం లాంటి ఎన్నికల నేరాల్లో శిక్ష పడితే ఆ రోజు నుంచి ఆరేళ్లు ఓటు ఉండదు. హత్య కేసులో శిక్ష పూర్తిచేసుకుని వచ్చినాయనకు ఈ అడ్డు లేదు.

తర్వాత జాబితాలో పేరు వెతకండి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో చూడొచ్చు, 1950కి ఫోన్ చేసి అడగొచ్చు. జైల్లో ఉన్నారన్న కారణంతో పేరు తీసేయకూడదని 2013లో చట్టాన్ని సవరించారు. అయినా ఇల్లు మారిపోయారనో, మరో కారణంతోనో పేరు పోయి ఉండొచ్చు.

పేరు లేకపోతే ఫారం-6 నింపండి. పేరుండి ఇల్లు మారితే ఫారం-8. ఆన్‌లైన్‌లో పంపొచ్చు, మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓకీ (బూత్ లెవల్ ఆఫీసర్) ఇవ్వొచ్చు. ఫొటో, వయసుకు, చిరునామాకు రుజువులు జతచేయాలి. చిరునామా ఇప్పుడు మీరుంటున్న ఇంటిదే రాయండి. జైల్లో ఉన్నంత మాత్రాన అది నివాసం కాదని చట్టమే చెబుతోంది. పాత కేసు సంగతి అడిగే గడి ఫారంలో లేదు, టెన్షన్ పడకండి.

నామినేషన్ల చివరి రోజు దాటితే ఆ ఎన్నికకు పేరు చేర్చరు, కాబట్టి నోటిఫికేషన్ దాకా ఆగొద్దు. దరఖాస్తు తిరస్కరిస్తే 15 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

పీడీ యాక్ట్ కింద, అంటే నేరం చేయకుండా ముందుజాగ్రత్తగా నిర్బంధించే చట్టం కింద లోపలున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు 62(5) వర్తించదు, పోస్టల్ బ్యాలెట్ (పోస్టులో ఓటు పంపే వీలు) ఉంటుంది. మీవాళ్లెవరైనా అలా ఉంటే, ఎన్నిక ప్రకటన రాగానే ఆ నియోజకవర్గంలో ఎన్నిక నిర్వహించే రిటర్నింగ్ అధికారికి తెలియజేయమనండి.